తలరుమాలు కింద దొర

పోయినవారం మనం స్రవంతిని ఏ స్థితిలో వదిలిపెట్టామో గుర్తుంది కదా! చేతిలో తడిగుడ్డ, గుండెలో దడ, ఎదురుగా గోడమీద పెద్దతాత అంజన్న పటం. పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, దగ్గరపడుతోందని ఇల్లంతా కడిగిన ఊపులో, ఏళ్ల తరబడి సాంబ్రాణి పొగకు నల్లబడ్డ ఆ పటాన్ని కూడా ఒక పట్టు పడదామనుకుంది. ఆ పటాన్ని పొడిగుడ్డతో తప్ప ముట్టుకోవద్దని అత్త లలితమ్మ ఆమె కాపురానికి వచ్చిన రోజే చెప్పింది. చెప్పిన మాట వింటే ఈ కథ ఉండేదే కాదు. రెండుసార్లు రుద్దేసరికి తాతగారి తలపాగా గుడ్డలోకి వచ్చేసింది. నుదుటిమీది పసుపు బండారి బొట్టు కూడా దాని వెంటే పోయింది. కింద నుంచి తెల్లటి ఉంగరాల జుట్టు బయటపడింది, గొర్రె ఉన్నిలాగా, చెవులమీదికి చుట్టలు తిరిగి. పటం అడుగున, నలుపు కింద దాక్కున్న ఇంగ్లిష్ అక్షరాలు కొన్ని కనబడ్డాయి.

స్రవంతి పటానికి పాత చీర కప్పేసింది. "పండుగదాక దుమ్ము పడొద్దని కప్పిన అత్తమ్మా" అని ఒక అబద్ధం కూడా చెప్పింది. శాలిబండ రోడ్డుమీద వాళ్ల పాల దుకాణానికి రోజూ చెంబు పట్టుకుని వచ్చే అమరనాథ్ సార్‌కు మాత్రం రహస్యం చెప్పుకుంది. ఆయన కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వచ్చి చూసి, ఫోన్‌లో ఫోటో తీసుకుని, కాస్త వ్యవధి కావాలన్నాడు.

ఆ వ్యవధి అయిపోయింది. తెల్లవారితే పెత్రమాస.

ఈసారి పెత్రమాస మామూలుది కాదు. స్రవంతి మామ ఈశ్వరయ్య మొన్న చలికాలంలో కాలం చేశాడు. రేపు ఆయనను పెద్దల్లో కలపాలి. ఆ ఇంట్లో దానికొక పద్ధతి ఉంది. పటం ముందు కొత్త ధోవతి, కండువా పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో వడ్డిస్తారు. పెద్దల పేరిట నేలమీద సాక పోసి, పెద్దతాత అంజన్నతో మొదలుపెట్టి ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. అందరికంటే చివర కొత్తగా పోయినవాడి పేరు పిలుస్తారు. ఆ పిలుపు అందేదాకా మనిషి గడప బయటే నిలబడి ఉంటాడని లలితమ్మ నమ్మకం. "మీ మామకు నిలబడుడు అలవాటు లేదు, మోకాళ్లు నొస్తయి" అని ఆమె నెలరోజులుగా ఒకటే కలవరిస్తోంది. ఆ మాట విన్నప్పుడల్లా స్రవంతి చూపు పటం వైపు పోయేది.

లలితమ్మ పొద్దున్నే విస్తరాకులు, బెల్లం, మినప్పప్పు తెస్తానని బేగంబజార్ బయలుదేరింది. స్రవంతి భర్త కొండల్ బర్రెల షెడ్డుకు వెళ్లాడు. ఇదే అదను అనుకుని స్రవంతి సార్‌కు ఫోన్ చేసింది. సార్ వచ్చాడు, చీర తీశాడు, కళ్లద్దాలు సర్దుకుని పటానికి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పేలోపే గేటు కిర్రుమంది.

"నయాపూల్ కాడ ఒకటే జామ్. ఆటో కదుల్తనే లేదు. మల్ల సందెకు పోత..." అంటూ లోపలికి వచ్చిన లలితమ్మ, ఉన్నచోటే ఆగిపోయింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి పొద్దునా సాయంత్రం దండం పెడుతున్న పటం వైపు చూసింది.

"ఎవలు ఈయన?" అంది.

స్రవంతికి ఏడుపొచ్చింది. "నేనే అత్తమ్మా. తడిగుడ్డ పెట్టిన. మసి పోతదనుకున్న, రుమాలు పోతదని నాకేమెరుక..."

లలితమ్మ అరిచే రకం కాదు. అరిస్తే బాగుండునని కోడలు చాలాసార్లు అనుకుంది. చేతిసంచి కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, అమరనాథ్ వైపు తిరిగింది. "సార్, నిలబడ్డరేంది, కూసోండ్రి. ఈయన ఎవలో మీకెర్కనా?"

"ఎర్కనే లలితమ్మా. పేరు ఎడ్మండ్ హార్విక్. కర్నల్. ఇంగ్లండు దొర. పోయి రెండువందల ఏండ్లు దాటింది."

"పటం మాది సార్."

"పటం మీదే. మనిషే మీవాడు కాదు."

లలితమ్మ గోడకు ఆనుకుని చాపమీద కూర్చుంది. "ఒంటిమీది ఈ ఎర్రకోటును నవాబు ఇచ్చిండు అన్నరు. అంజన్న తాత పోసిన చిక్కటి పాలకు మెచ్చి, పిలిచి భుజాల మీద వేసిండట. మా ఆయన ఎంతమందికి చెప్పిండో ఆ ముచ్చట."

"అది పల్టన్ కోటు అమ్మా. దొర సిపాయిలది."

"సరే. చెప్పుండ్రి. ఎట్లాంటోడో నాకు మొత్తం తెలువాలె."

అమరనాథ్‌కు పాఠం చెప్పమంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లిపోతాడు. కానీ ఎదురుగా ఉన్నది పరీక్ష రాసే పిల్లలు కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నెమ్మదిగా మొదలుపెట్టాడు.

ఎడ్మండ్ హార్విక్ ఒక పల్లెటూరి పాదిరీగారి మూడో కొడుకు. ఆస్తి పెద్దవాడికి, చర్చి రెండోవాడికి పోగా, మూడోవాడికి మిగిలింది ఖాళీ జేబు. మేనమామ దయతలచి సైన్యంలో చిన్న అధికారి ఉద్యోగం కొనిపెట్టాడు. ఆ రోజుల్లో సైన్యంలో పదవులు కూడా దుకాణంలో సరుకులాగే కొనుక్కునేవారు. మీసం మొలవకముందే ఓడెక్కి మద్రాసులో దిగాడు. యుద్ధాల్లో తిరిగాడు, ఒక తూటా తొడలో దిగింది, బతికి బట్టకట్టాడు. నిజాంకు సాయంగా కంపెనీ పంపిన దండుతో హైదరాబాద్ వచ్చాడు.

"ఇక్కడ ఏం చేసిండు? కొట్లాడిండా?"

"ఇక్కడ కొట్లాట తక్కువే. ఈయనకు అప్పజెప్పిన పని వేరే. ఫిరంగులు లాగటానికి, బియ్యం మూటలు మొయ్యటానికి ఎడ్లు కావాలె కదా. అప్పుడు దండు కదలాలంటే ఎద్దు కదలాలె. ఆ ఎడ్లను జమ చేసుడు ఈయన పని."

లలితమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "ఎవల ఎడ్లు?"

అమరనాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మూసీ ఒడ్డున మేపుకునేటోళ్లయి. మీ అసొంటోళ్లయి."

దుకాణం ముందు ఎవరో "అమ్మా, ప్యాకెట్" అని కేక వేశారు. కేక వేసినవాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు.

"అంటే," అంది లలితమ్మ, మాటమాటకీ ఆగుతూ, "మా ఎడ్లను తోలుకపోయినోనికి నేను ఇన్నేండ్ల సంది గారెలు పెడుతున్నన్నట్టు. అది గూడ పెద్దాయనకు మెత్తగుండాలెనని పెరుగుల నానబెట్టి!"

స్రవంతికి ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. అత్త ఆమెను చూడనే చూసింది.

"గారెలు పోనియ్యి సార్. కడుపుల మాటలన్నీ ఈయనకే చెప్పుకున్న. అత్త తిట్టినా, బర్రె పాలు బంద్ చేసినా, మా ఆయన కీళ్లనొప్పులతోని రాత్రంతా నిద్రపోకున్నా, పొద్దుగాల దీపం పెట్టి ఈ ముఖానికే చెప్పిన. ఈయనకు మన మాటలు ఏమన్న సమజయితయా?"

"తెలుగు రాదమ్మా. ఉర్దూ మాత్రం కొద్దిగ నేర్చుకున్నడట."

"అయితే కొంచెం సమజయ్యే ఉంటది," అంది లలితమ్మ. "కోపమొస్తే నాకు ఉర్దూనే వస్తది."

ముగ్గురూ నవ్వారు. నవ్వు చల్లారాక అమరనాథ్ మిగతాది చెప్పాడు.

హార్విక్ దొర బాగా సంపాదించి ఇంగ్లండు తిరిగి వెళ్లాడు. డబ్బున్నవాడికి గౌరవం కూడా కావాలనిపిస్తుంది. అక్కడి పార్లమెంటులో సీటుకు నిలబడ్డాడు. నిలబడ్డాడు అనడం కూడా ఎక్కువే. ఆ ఊళ్లో ఓటున్నవాళ్లందరినీ ఒక్క హాల్లో కూర్చోబెట్టవచ్చు. వాళ్లకు పీకలదాకా తాగించి, పొట్టపగిలేలా తినిపించి గెలిచాడు. ఏళ్ల తరబడి సభలో కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు. ఒక్కసారి విప్పాడు. హిందుస్తాన్ వెళ్లివచ్చిన అధికారులంతా దొంగలేనని ఎవరో సభలో దుమ్మెత్తిపోస్తుంటే రోషం ఆపుకోలేక లేచాడు. "ఆ దేశంలో నేను అడగకుండా ఒక్క వస్తువూ తీసుకోలేదు" అన్నాడు. సభ సభంతా గొల్లున నవ్వింది. హార్విక్ కూర్చుండిపోయాడు. మళ్లీ ఎప్పుడూ లేవలేదు.

"ఎందుకు నవ్విన్రు?" అంది స్రవంతి.

"వెనకాల పల్టన్‌ను నిలబెట్టుకుని అడిగితే ఎవలు ఇయ్యమంటరు బిడ్డా?"

లలితమ్మ నవ్వలేదు. ఆమె చూపు పటంలోని మనిషి కళ్లమీద ఉంది. లేత రంగు కళ్లు. ఇంట్లో ఏ పిల్లకు కళ్లు కాస్త లేతగా ఉన్నా "పెద్దతాత పోలిక" అని మురిసిపోయిన కళ్లు. "అట్ల నవ్వినంక ఏమైండు?"

"తర్వాతి ఎలక్షన్ల ఓడిపోయిండు. జూదంల ఇల్లు పోయింది. పెండ్లాం వదిలేసిపోయింది. పిల్లలు లేరు. మంచిగున్న రోజులల్ల రెండు పటాలు గీయించుకున్నడు. ఒకటి ఇంట్ల పెట్టుకుంటే ఆ ఇల్లు కాలిపోయింది. ఇంకొకటి ఇక్కడ తనకు దోస్తయిన ఒక జాగీర్దారుకు ఓడమీద పంపిండు. అది గీ పటమే. ఈయన ముఖం ఇంకెక్కడా లేదు."

"పిల్లల్లేకపోతే మరి ఈయనకు ఎవలు పెట్టిన్రు?"

"వాళ్లల్ల పెట్టే ఆచారం లేదమ్మా."

"అయ్యో," అంది లలితమ్మ. ఎడ్లు తోలుకుపోయినవాడి కోసమే అన్నది ఆ అయ్యో. అన్నాక తనమీద తనకే కోపం వచ్చినట్లుంది, గొంతు మారింది. "ఈయన మీద నాకు పగ లేదు సార్. ఆకలైన మనిషి, తిన్నడు, పోనియ్యి. నా ఫికర్ అది కాదు. మా అత్త పెద్దలల్ల కలిసింది ఈయన ముందే. మా మామ కలిసింది ఈయన ముందే. రేపు నా మనిషిని ఎవల పక్కన కూసోబెట్టాలె? జిందగి మొత్తం ఒకలింటికి తిననీకె పోలే ఆయన. ఎవలో తెల్వనోళ్ల నడుమ ఆకు ముందట కూసోమంటే కూసుంటడా? మొహమాటం. ఆకలితోని లేచి వస్తడు."

అమరనాథ్‌కు ఇంతకాలం చదివిన చదువులో ఈ ప్రశ్న ఎక్కడా రాలేదు. స్రవంతి చాప అంచు పట్టుకుని కూర్చుంది. తాను ఆ గుడ్డ తడపకుండా ఉండి ఉంటే మామ రేపు హాయిగా, తనవాళ్లే అనుకుని, లోపలికి నడిచి వచ్చేవాడు. తెలియకపోవడమే మేలుగా ఉండేది. ఆ నిమిషంలో ఆమెకు చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు వెనకగదిలో నుంచి గోడ పట్టుకుని నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. రుక్మిణమ్మ. ఈశ్వరయ్యకు మేనత్త. ఎనభై దాటిన ముసలావిడ, ఆ ఇంట్లో పుట్టి, భర్త పోయాక ఆ ఇంటికే తిరిగివచ్చి, వెనకగదిలో తన రేడియోతో కాలక్షేపం చేసే మనిషి. చెవులు బాగానే పనిచేస్తాయి, అవసరమైనప్పుడు మాత్రమే.

గుమ్మంలో నిలబడి పటం చూసింది. ఆశ్చర్యపోలేదు.

"రుమాలు ఎవలు తీసిన్రు?" అంది.

"నేనే అవ్వా," అంది స్రవంతి.

"తడి పెట్టొద్దంటిమి కదనే!"

లలితమ్మ తలెత్తింది. "అత్తమ్మా, నీకెరుకనా?"

"నాకెరుక లేకపోతే ఎవలకెరుక? ఆ రుమాలు పెట్టిననాడు నేను గీడ్నే కూసోని చూసిన." రుక్మిణమ్మ మంచం అంచుమీద కూలబడి, ఊపిరి తీసుకుంది. "మా బాపు, గా అంజన్న కొడుకే, తెచ్చిండు ఈ పటం. పాలు పోసే జాగీర్దారు దేవిడీని కూలగొడుతుంటే, సామాన్లు బయట పారేస్తున్నరు. చట్రం మంచిగుందని ఎత్తుకొచ్చిండు. అప్పుడు బస్తీల అందరిండ్లల్ల పెద్దల ఫోటోలు పెడుతున్నరు. మా తాత అంజన్న నేను పుట్టకముందే పోయె. ఆయనకు ఫోటో లేదు. పెత్రమాస వచ్చిందంటే మా బాపు ఉత్త గోడకు దండం పెట్టేది. ఉత్త గోడకు ఎన్నాళ్లు పెడతడు?"

"అందుకని..."

"అందుకని దుకాణాల బోర్డులు రాసేటాయనను పిలిచిండు. దీన్ని మా నాయనను చెయ్యి అన్నడు." ముసలావిడ నవ్వింది. ఆ నవ్వులో చిన్నపిల్ల కనబడింది. "ఆయన ముందుగాల ముఖం మార్వబోయిండు. ముక్కు ఎట్లుండె, కండ్లు ఎట్లుండె అని అడిగిండు. మా బాపు మస్తుసేపు ఆలోచించిండు. నేను ఒళ్లనే ఉన్న. యాదికొస్తలేదు అన్నడు. కండ్లల్ల నీళ్లు. మా నాయన ముఖం నాకు యాదికొస్తలేదు, రుమాలు యాదుంది, మీసం యాదుంది, నుదుటి మీద బండారి యాదుంది, అవి పెట్టు అన్నడు. గవే పెట్టిండు. జిగురు కలిపిన రంగు, తడి తగిల్తే పోతది అని చెప్పిండు. అందుకే తడి ముట్టియ్యొద్దంటిమి. ఎందుకో చెప్పలేదు. చెప్తే మీరు దండం పెడుదురా?"

స్రవంతికి మొదట అర్థం కాలేదు, తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. తాను దొరమీద పట్టిన మసిని తుడవలేదు. ఆ పటంలో దొర ఎప్పుడూ దొరే. అంజన్న తాత ఉన్నదే ఆ పైపూత రంగులో. ఒక కొడుకు తండ్రిని గురించి గుర్తుపెట్టుకోగలిగిన మూడింటిలో రెండింటిని తాను గుడ్డకెత్తి, బకెట్లో జాడించి, మోరీలో పారబోసింది.

"అవ్వా," అంది, "తాతను నేను..."

"మొత్తం కాదు," అన్నది లలితమ్మ.

ఆమె లేచి పటం దగ్గరికి వెళ్లింది. దొర పైపెదవి మీద, నున్నటి తెల్లటి చర్మం మీద, నల్లగా గుబురుగా మెలితిరిగిన మీసం అలాగే ఉంది. దొరకు అది ఏమాత్రం నప్పలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. లలితమ్మ ముట్టుకోకుండా వేలితో గాలిలోనే దాని వెంట గీసింది. భర్త ఈశ్వరయ్య కూడా మీసాన్ని సరిగ్గా అలాగే, చివర్లు పైకి మెలితిప్పేవాడు. ఎవరిని చూసి నేర్చుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

"చాలు," అంది. ఆమె ముఖంలో పొద్దుటి నుంచి లేని నెమ్మది వచ్చింది. "అంజన్న తాత ఇంట్లనే ఉన్నడు. రేపు దీపం గీడ్నే. దొర కూడ ఉంటే ఉండనీ, మూలకు ఒక ఆకు ఆయనకూ వేద్దాం, మాటలు రాకపోతే మాయె. స్రవంతీ, లే బిడ్డా, ఏడిస్తే పప్పు నానదు."

స్రవంతి అత్త చెయ్యి పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఆ చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

అందరి మనసూ కుదుటపడిన ఆ సమయంలో ఒక్క అమరనాథ్ సార్ ముఖమే పాలిపోయి ఉంది. కళ్లద్దాలు తుడిచిందే తుడుస్తున్నాడు.

"లలితమ్మా," అన్నాడు. "నేనొక తొందర పని చేసిన. నా దగ్గర చదువుకున్న పిల్ల ఉన్నది, సుశీల. మ్యూజియంల పాత పటాలు బాగుచేస్తది. మొన్ననే ఆమెకు ఫోటో పంపిన. దొర ముఖం ఇదొక్కటే మిగిలిందని చెప్పిన కదా, వాళ్లకు మస్తు సంబురమైంది. పండుగైనంక వచ్చి చూస్తమన్నరు. చూసి..."

"చూసి?"

"మీద వేసిన రంగు మొత్తం తీసేస్తమన్నరు. మీసంతోసహా. నేను కూడ మంచిదే అన్న. అది ఏందో నాకప్పుడు తెల్వదమ్మా."

లలితమ్మ ఆయనను కాసేపు చూసింది. కోపం లేదు. పాలు పోసి చిల్లర ఇచ్చేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది.

"మీ దొరకు పుస్తకాలల్ల జాగ ఉన్నది సార్. ఆయన అన్న మాట, నవ్వినోళ్ల నవ్వు, అన్ని రాసిపెట్టిన్రు. మా ముసలాయనకు ఈ మీసం ఒక్కటే ఉన్నది."

అమరనాథ్ జేబులో నుంచి ఫోన్ తీశాడు. "ఇప్పుడే వద్దని చెప్త," అంటూ సుశీలకు కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. రెండు రింగులకే అవతల గొంతు వినిపించింది, వెనక బస్సు హారన్లు, ఆటోల రొదతో కలిసి.

"సార్, నేనే చేద్దామనుకుంటున్న! రేపు అమాస కదా, ఇంట్లోళ్లు బిజీ ఉంటరని ఇవాళ్నే బయల్దేరినం. మా పెద్దసార్ కూడ బండిలనే ఉన్నరు, సామాన్లు గూడ తెచ్చినం. శాలిబండ రోడ్డు మీదికి వచ్చేసినం సార్. పాల దుకాణం ఎటుపక్క?"

రుక్మిణమ్మ, లలితమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్రవంతి మాత్రం లేచి, వెళ్లి పటానికి అడ్డంగా నిలబడింది. ఇంటిముందు బండి ఆగిన చప్పుడైంది.